అమెరికా కళాశాల హాకీలో విదేశీ క్రీడాకారులు: దుర్గ్ బాలికకు తలుపు ఎక్కడ తెరుచుకుంటుంది?

దుర్గ్ (ఛత్తీస్‌గఢ్): పారిస్ ఒలింపిక్స్ అర్హత టోర్నీలో భాగంగా 2024 జనవరి 13న రాంచీలో జరిగిన మ్యాచ్‌లో భారత మహిళల హాకీ జట్టు అమెరికా చేతిలో 0–1 తేడాతో పరాజయం పాలైంది. ఆ ఒక్క గోలు సాధించిన ఎబిగేల్ టామర్ అప్పటికి మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థిని. ఆరు రోజుల తరువాత జపాన్‌తో జరిగిన మూడో స్థానం పోరులోనూ అదే తేడాతో ఓడిన భారత్ పారిస్‌కు దూరమైంది. అమెరికా అర్హత సాధించింది. అంతకు ముందు, 2019 నవంబరులో, భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియంలో ఇవే రెండు జట్లు టోక్యో ఒలింపిక్స్ బెర్తు కోసం తలపడ్డాయి. తొలి మ్యాచ్‌ను 5–1తో గెలిచిన భారత్ మరునాడు 1–4తో ఓడింది. రాణి రాంపాల్ చివరి క్వార్టర్‌లో చేసిన గోలు పుణ్యమా అని మొత్తం గోల్స్‌లో 6–5 ఆధిక్యంతో గట్టెక్కింది.

ఈ రెండు సందర్భాల్లోనూ భారత్‌కు ఎదురు నిలిచిన జట్టులో దాదాపు అందరూ అమెరికా విశ్వవిద్యాలయాల మైదానాల్లో ఆడి పైకి వచ్చినవారే. ఆ మైదానాల్లో వారితో కలిసి, వారిపై పోటీకి దిగి ఆడేవారిలో నెదర్లాండ్స్, జర్మనీ, ఇంగ్లండ్, అర్జెంటీనా యువతులు పెద్ద సంఖ్యలో ఉంటారు. చదువు ఖర్చు పూర్తిగానో కొంతమేరకో భరించి విశ్వవిద్యాలయాలే వారిని పిలిపించుకుంటాయి. హాకీకి పేరున్న దుర్గ్ – రాజనాందగావ్ ప్రాంతపు బాలికకు అటువంటి పిలుపు రావాలంటే ఏం ఉండాలి, ఏం అడ్డుపడుతుంది అన్నది ఈ కథనం వివరిస్తుంది.

ఏ హాకీ?

మొదట మాట సంగతి తేల్చుకోవాలి. మన దేశంలో ‘హాకీ’ అంటే మైదానంలో ఆడేదే. మంచుపై ఆడే ఆటకు ‘ఐస్’ అన్న విశేషణం తగిలిస్తాం. అమెరికాలో ఇది తలకిందులవుతుంది. అక్కడ హాకీ అంటే మంచుపై ఆడేది. మన ఆటకు ‘ఫీల్డ్’ అన్న విశేషణం కావాలి. ఏ ఆటకు విశేషణం అవసరమైందో చూస్తే ఏ దేశంలో ఏది సహజమనిపిస్తుందో తెలిసిపోతుంది. అంతర్జాలంలో అమెరికా కళాశాల హాకీ గురించి వెతికే విద్యార్థికి ముందుగా కనిపించేది మంచు హాకీయే కనుక ఈ తేడా తెలియకపోతే కాలం వృథా అవుతుంది.

మరో తేడా ఇంతకన్నా కీలకమైనది. అమెరికా కళాశాల క్రీడలను నడిపే నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్ (ఎన్‌సీఏఏ) మంచు హాకీలో పురుషులకూ మహిళలకూ జాతీయ పోటీలు నిర్వహిస్తుంది. మైదానపు హాకీలో మాత్రం మహిళలకే నిర్వహిస్తుంది. 1901లో కాన్‌స్టన్స్ యాపిల్‌బీ అనే ఆంగ్ల మహిళ హార్వర్డ్ వేసవి తరగతుల సందర్భంగా ఈ ఆటను పరిచయం చేసిన నాటి నుంచి అమెరికాలో ఇది ఆడపిల్లల ఆటగానే స్థిరపడింది. అందువల్ల ధ్యాన్‌చంద్ దేశపు కుర్రవాడికి, అతడు ఎంత నేర్పరి అయినా, మైదానపు హాకీ పేరిట ఎన్‌సీఏఏలో చోటు లేదు. మంచు హాకీ మాటకొస్తే, మన దేశంలో అది లద్దాఖ్, హిమాచల్ ప్రదేశ్ వంటి చలి ప్రాంతాలకే పరిమితం. 2025లో భారత మహిళల ఐస్ హాకీ జట్టు ఆసియా కప్‌లో తొలిసారి కాంస్య పతకం సాధించినా, ఛత్తీస్‌గఢ్ మైదాన ప్రాంతానికి అది దూరపు కబురే. కాబట్టి దుర్గ్‌కు సంబంధించినంత వరకు ఈ దారి బాలికలది.

కెనడాతో మొదలైన కథ

విదేశీయులను తెచ్చుకునే అలవాటు మంచు హాకీలో మొదలైంది. తొలి ఎన్‌సీఏఏ టోర్నీ 1948లో కొలరాడో స్ప్రింగ్స్‌లో జరిగింది. ఫైనల్‌లో డార్ట్‌మత్‌ను ఓడించి విజేతగా నిలిచిన మిషిగన్ జట్టులో కెనడా వాసులే ముఖ్యులు. 1956లో డెన్వర్ విశ్వవిద్యాలయం బాధ్యతలు చేపట్టిన కోచ్ మరే ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ పద్ధతిని మరింత ముందుకు తీసుకెళ్లారు. కెనడా జూనియర్ లీగుల్లో రాటుదేలిన, వయసులో కాస్త పెద్దవారైన ఆటగాళ్లతో ఆయన 5 జాతీయ టైటిళ్లు గెలిచారు. స్థానిక కుర్రాళ్లతోనే జట్టు కట్టాలని పట్టుబట్టిన మిన్నెసోటా కోచ్ జాన్ మారియూచి దీన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. ఆ వివాదం ముదిరి 1958లో పశ్చిమ ప్రాంత లీగ్ రద్దయ్యేదాకా వెళ్లింది.

తరువాతి కాలంలో వివాదం న్యాయస్థానాలకు చేరింది. కెనడాలో జూనియర్ హాకీ ఆడే రోజుల్లో బస, భోజనం ఖర్చులు పొందారన్న కారణంతో బోస్టన్ విశ్వవిద్యాలయంలోని ఇద్దరు కెనడా ఆటగాళ్లను ఎన్‌సీఏఏ అనర్హులుగా ప్రకటించింది. అమెరికా కుర్రాళ్లు ఇటువంటి సాయమే పాఠశాల ద్వారా పొందితే అభ్యంతరం లేనప్పుడు విదేశీయులకు వేరే కొలత ఏమిటని 1973లో మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టు ప్రశ్నించింది. పౌరసత్వాన్ని బట్టి కాకుండా అందరికీ ఒకే నియమం ఉండాలన్న సూత్రం ఆ దశకంలో బలపడింది. నేటి నిబంధనలు విదేశీయుడా కాదా అని నేరుగా అడగవు. వయసు, చదువు, డబ్బు అనే మూడు కొలతలతో కొలుస్తాయి. కాగితంపై అందరికీ సమానంగా కనిపించే ఆ కొలతలు ఒక్కో దేశపు వ్యవస్థపై ఒక్కో విధంగా పడతాయి. భారత్‌పై ఎలా పడతాయో ముందుకెళ్లాక చూద్దాం.

మంచు హాకీలో ఇటీవలి పెద్ద మార్పు కూడా కెనడా గురించే. కెనడా హాకీ లీగ్ పరిధిలోని జూనియర్ జట్లకు ఆడినవారిని ఎన్‌సీఏఏ దశాబ్దాలపాటు వృత్తి ఆటగాళ్లుగా పరిగణించి దూరం పెట్టింది. 2024 నవంబరులో ఆ నిషేధాన్ని తొలగిస్తూ నిర్ణయం తీసుకుంది. 2025 ఆగస్టు 1 నుంచి అది అమలులోకి వచ్చింది. అంతకు ముందు నెలలోనే కెనడా యువ సంచలనం గావిన్ మెకెన్నా పెన్ స్టేట్ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోవడం అక్కడ పతాక శీర్షికలకెక్కింది.

మహిళల మంచు హాకీలో ఒక ఉదాహరణ చెప్పుకోవలసిందే. ఎన్‌సీఏఏ 2001లో మహిళలకు టోర్నీ ప్రారంభించినప్పుడు మొదటి మూడేళ్లూ మిన్నెసోటా డులూత్ విశ్వవిద్యాలయమే గెలిచింది. ఆ జట్టుకు వెన్నెముక స్వీడన్, ఫిన్లండ్, కెనడా క్రీడాకారిణులు. వారిలో ఒకరైన స్వీడన్‌కు చెందిన మరియా రూత్ 2006 టురిన్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో అమెరికాపైనే రెండు గోల్స్ చేసి, షూటౌట్‌లో విజయాన్ని ఖాయం చేశారు. అమెరికా తన ఖర్చుతో తీర్చిదిద్దిన క్రీడాకారిణే అమెరికాను ఓడించిందని విమర్శకులు అన్నా, ఆ విశ్వవిద్యాలయం ఆమె జెర్సీ సంఖ్యను గౌరవంగానే దాచుకుంది.

పచ్చిక మైదానంలో విదేశీయులు ఎందుకు?

మైదానపు హాకీలో అమెరికా జాతీయ కళాశాల టోర్నీ 1981లో మొదలైంది. తొలి విజేత కనెక్టికట్ విశ్వవిద్యాలయం. నేడు ప్రథమ శ్రేణి అయిన డివిజన్ 1లో సుమారు 80 జట్లు ఉన్నాయి. ఆగస్టు చివరి నుంచి నవంబరు వరకు ఒకే ఒక సీజన్ సాగుతుంది. 15 నిమిషాల చొప్పున 4 క్వార్టర్లు ఆడతారు. సమమైతే అదనపు సమయంలో ఒక్కో జట్టు నుంచి ఏడుగురే బరిలో ఉంటారు.

ఇన్ని జట్లకు సరిపడా క్రీడాకారిణులు స్వదేశంలో దొరకడం కష్టం. అక్కడ పాఠశాలల్లో ఈ ఆట ప్రధానంగా ఈశాన్య రాష్ట్రాల్లోనూ, పెన్సిల్వేనియా, వర్జీనియా వంటి మధ్య అట్లాంటిక్ రాష్ట్రాల్లోనూ కనిపిస్తుంది. విస్తారమైన దక్షిణ, పశ్చిమ ప్రాంతాల్లో చాలామంది బాలికలు హాకీ కర్ర పట్టకుండానే పాఠశాల దాటుతారు. నెదర్లాండ్స్‌లో ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ ఐదారేళ్ల వయసులోనే పిల్లలు ఊరి క్లబ్బులో చేరి, కృత్రిమ పచ్చికపై పెద్దల జట్ల పక్కనే ఆడుతూ పెరుగుతారు. పద్దెనిమిదేళ్లకు వారికి పదేళ్లకు పైగా అనుభవం ఉంటుంది. గెలుపుపైనే ఉద్యోగం ఆధారపడిన అమెరికా కోచ్ చూపు అటు మళ్లడంలో ఆశ్చర్యం లేదు. 2016లో జాతీయ టైటిల్ గెలిచిన డెలావేర్ విశ్వవిద్యాలయమే ఇందుకు నిదర్శనం. దాని కోచ్ రోల్ఫ్ వాన్ డె కెర్ఖోఫ్ స్వయంగా నెదర్లాండ్స్ వాసి. జట్టులో ఐరోపా క్రీడాకారిణులు కీలక పాత్ర పోషించారు.

చట్టం కూడా పరోక్షంగా తోడ్పడింది. విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించిన 1972 నాటి టైటిల్ 9 చట్టం వల్ల పురుషుల క్రీడలతో పాటు మహిళల క్రీడలకూ స్థానాలు, స్కాలర్‌షిప్పులు కల్పించవలసి వచ్చింది. పెద్ద సంఖ్యలో క్రీడాకారిణులకు చోటిచ్చే హాకీ జట్టు ఆ లెక్కకు చక్కగా సరిపోయింది.

దీనిపై అమెరికాలో అసంతృప్తి లేకపోలేదు. మన పన్నులతో నడిచే విశ్వవిద్యాలయంలో మన పిల్లలకు దక్కవలసిన స్కాలర్‌షిప్ విదేశీయులకు ఎందుకన్నది తల్లిదండ్రుల ప్రశ్న. బలమైన ప్రత్యర్థులతో ఆడితేనే స్వదేశీ క్రీడాకారిణులు రాటుదేలుతారన్నది కోచ్‌ల సమాధానం. రాంచీ ఫలితాన్ని చూసిన భారతీయ పాఠకుడికి రెండో వాదనలో కొంత బలం కనిపించవచ్చు.

చదువు, వయసు, డబ్బు: మూడు కొలతలు

డివిజన్ 1 స్థాయిలో ఆడదలచిన విద్యార్థిని ముందుగా ఎన్‌సీఏఏ అర్హతా కేంద్రంలో పేరు నమోదు చేసుకోవాలి. ఆ కేంద్రం చూసే మొదటి అంశం చదువు. తొమ్మిదో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు భాష, గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం వంటి 16 ప్రధాన పాఠ్యాంశాలు పూర్తిచేసి, 4 పాయింట్ల కొలమానంపై కనీసం 2.3 సగటు సాధించాలి. ఎస్ఏటీ వంటి ప్రవేశ పరీక్షల స్కోరు తప్పనిసరి అన్న నిబంధనను ఎన్‌సీఏఏ 2023లో శాశ్వతంగా తొలగించింది. అయితే ఆయా విశ్వవిద్యాలయాలు తమ ప్రవేశాలకు ఆ స్కోరును, ఆంగ్ల ప్రావీణ్య పరీక్ష ఫలితాన్ని విడిగా అడగవచ్చు. ధ్రువపత్రాలు హిందీలో ఉంటే వాటికి ఆంగ్ల అనువాదం జతచేయాలి.

ఇక్కడే మన విద్యార్థినులకు మొదటి చిక్కు ఎదురవుతుంది. 16 పాఠ్యాంశాల్లో గణితం మూడేళ్లపాటు చదివి ఉండాలి. ఆటల్లో రాణించే బాలికలు పదో తరగతి తరువాత సాధన కోసం సమయం మిగులుతుందని ఆర్ట్స్ తీసుకోవడం, దానితో గణితాన్ని వదిలేయడం మన దగ్గర మామూలే. పదిహేనేళ్ల వయసులో తీసుకున్న ఆ చిన్న నిర్ణయం మూడేళ్ల తరువాత ఒక ఖండపు తలుపు మూసేస్తుందని చెప్పేవారు ఊళ్లో ఎవరూ ఉండరు. చదువు అడ్డుపడితే ఏమవుతుందో బాస్కెట్‌బాల్‌లో సత్నామ్ సింగ్ భమరా ఉదంతం చూపింది. 2010లో ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి ఎంపికైన ఆ పంజాబ్ కుర్రవాడు కళాశాలలో ఆడేందుకు కావలసిన విద్యార్హత సాధించలేకపోయారు. కళాశాల మెట్టు ఎక్కకుండానే 2015లో నేరుగా ఎన్‌బీఏ ఎంపికలకు వెళ్లి, డాలస్ జట్టు తీసుకున్న 52వ ఆటగాడిగా చరిత్రకెక్కారు. ఏడడుగులకు పైబడిన ఎత్తు ఉన్నవారికి అటువంటి రెండో దారి దొరికింది. హాకీలో అది లేదు.

రెండో కొలత కాలం. తొమ్మిదో తరగతిలో చేరిన నాటి నుంచి లెక్క మొదలవుతుంది. పన్నెండో తరగతి పూర్తికావలసిన తేదీ తరువాత సాధారణంగా ఒక ఏడాది వెసులుబాటు ఉంటుంది. ఆపై కళాశాలలో చేరకుండా వ్యవస్థీకృత పోటీల్లో ఆడుతూ పోతే ఆడగలిగే సీజన్లు తగ్గిపోతాయి. పురుషుల మంచు హాకీకి ఇందులో మినహాయింపు ఉంది. వారికి 21వ పుట్టినరోజు వరకు గడువిచ్చారు. కెనడా, అమెరికా కుర్రాళ్లు జూనియర్ లీగుల్లో ఆడి ఆలస్యంగా చేరే అలవాటును నియమం గౌరవించింది. క్రీడా హాస్టల్‌లో ఉండి, జాతీయ శిబిరాలకు తిరిగి, ఒకటి రెండేళ్లు చదువు ఆలస్యమయ్యే భారతీయ బాలిక అలవాటును గౌరవించే మినహాయింపు ఏదీ లేదు. ఈ గడువుల పద్ధతిని మార్చే చర్చ ఎన్‌సీఏఏలో సాగుతోంది. అందువల్ల చేరబోయే ఏడాది నాటి నియమాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

మూడోది డబ్బు. కళాశాలలో చేరకముందు వృత్తి ఆటగాళ్లతో కలిసి ఆడినా ఫరవాలేదు. ప్రయాణం, బస, భోజనం వంటి వాస్తవ ఖర్చులు పొందినా ఫరవాలేదు. ఆడినందుకు అంతకు మించి జీతం తీసుకుంటే అర్హతకు ముప్పు. 2025 జనవరిలో ప్రారంభమైన మహిళల హాకీ ఇండియా లీగ్ కోసం జరిగిన వేలంలో ఉదితా దుహన్‌కు 32 లక్షల రూపాయలు పలికాయి. దేశంలో మహిళల హాకీకి అటువంటి ధర పలకడం సంతోషించదగ్గ పరిణామమే. కానీ అమెరికా కళాశాల వైపు చూసే పదిహేడేళ్ల బాలిక ఆ ఒప్పందంపై సంతకం చేసే ముందు రెండుసార్లు ఆలోచించుకోవాలి.

కోచ్ ఎప్పుడు మాట్లాడవచ్చు అన్నదానికీ తేదీ ఉంది. మైదానపు హాకీలో అమెరికా లెక్క ప్రకారం పదో తరగతి పూర్తయ్యాక వచ్చే జూన్ 15 నుంచి డివిజన్ 1 కోచ్‌లు విద్యార్థినిని నేరుగా సంప్రదించవచ్చు. అంతకు ముందు ఎంత చక్కని వీడియో పంపినా సమాధానం రాకపోవడానికి కారణం ఆసక్తి లేకపోవడం కాకపోవచ్చు. సమాధానం ఇచ్చే అధికారం కోచ్‌కు అప్పటికి ఉండదు.

స్కాలర్‌షిప్ అంటే ఎంత?

‘ఫుల్ స్కాలర్‌షిప్’ అన్న మాట మన ఊళ్లలో తేలిగ్గా వాడేస్తారు. వాస్తవం కాస్త సంక్లిష్టమైనది. ఇటీవలి వరకు డివిజన్ 1లో ఒక హాకీ జట్టుకు 12 స్కాలర్‌షిప్పుల పరిమితి ఉండేది. పాతికమంది దాకా ఉండే జట్టులో కోచ్ ఆ పన్నెండింటిని ముక్కలు చేసి పంచేవారు. ఒకరికి ఫీజు, మరొకరికి సగం ఫీజు, ఇంకొకరికి పుస్తకాల ఖర్చు అన్నట్టుగా. 2025 జూన్‌లో ఫెడరల్ కోర్టు ఆమోదించిన హౌస్ వర్సెస్ ఎన్‌సీఏఏ ఒప్పందంతో ఆ పరిమితి పోయింది. ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయాల్లో హాకీ జట్టుకు 27 మంది అన్న సంఖ్యా పరిమితి వచ్చింది. కోరుకుంటే అందరికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. అయితే అదే ఒప్పందం కింద విశ్వవిద్యాలయాలు తొలి ఏడాది 2.05 కోట్ల డాలర్ల వరకు క్రీడాకారులకు నేరుగా చెల్లించే వీలు కలిగింది. ఆ డబ్బులో అధిక భాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కు, బాస్కెట్‌బాల్‌కు ప్రవహిస్తుంది. నియమం ఇచ్చిన వెసులుబాటును చిన్న క్రీడలకు బడ్జెట్ ఇస్తుందా అన్నదే అసలు ప్రశ్న. ఇస్తుందన్న నమ్మకం ఈ కథన రచయితకు అంతగా లేదు.

డివిజన్ 3 కళాశాలలు క్రీడా స్కాలర్‌షిప్ ఇవ్వనే ఇవ్వవు. అక్కడ హాకీ జట్ల సంఖ్య మాత్రం ఎక్కువే. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ వంటి ఐవీ లీగ్ సంస్థలు కూడా ఆట పేరిట సాయం చేయవు. కుటుంబ ఆర్థిక స్థితిని బట్టి చేస్తాయి. ప్రతిభతో పాటు మార్కులు, పేదరికం రెండూ ఉన్న విద్యార్థినికి ఈ రెండో రకం సాయం కొన్నిసార్లు ఎక్కువ మేలు చేస్తుంది. పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఏడాది మొత్తం ఖర్చు 80 వేల డాలర్లు దాటుతున్న రోజుల్లో, సగం స్కాలర్‌షిప్ అంటే మిగిలిన సగం ఉక్కు కర్మాగారం ఉద్యోగి జీతానికి అందని దూరంలో ఉంటుంది.

వీసా విషయంలో మన తెలుగు కుటుంబాలకు అవగాహన ఎక్కువే. ఐ–20 పత్రం, 350 డాలర్ల సెవిస్ రుసుము, కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ అందరికీ తెలిసినవే. తెలియనిది ఒకటుంది. 2021 నుంచి అమెరికా కళాశాల క్రీడాకారులు తమ పేరు, రూపం, గుర్తింపులతో ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చు. ఎఫ్–1 వీసాపై ఉన్నవారికి ఉద్యోగ నిబంధనలు అడ్డువస్తాయి. పక్కన ఆడే అమెరికా అమ్మాయి బూట్ల కంపెనీ ప్రకటనలో కనిపించి డబ్బు తీసుకోవచ్చు. విదేశీ విద్యార్థిని అమెరికా గడ్డపై అదే పని చేస్తే వీసాకే ప్రమాదం రావచ్చు.

విదేశీ విద్యార్థినులకూ కోచ్‌లకూ మధ్య అనుసంధానం కల్పించే సంస్థలు ఐరోపాలో చాలా ఉన్నాయి. రుసుము తీసుకుని వీడియో తయారుచేసి కోచ్‌లకు పంపడం నిబంధనలకు విరుద్ధం కాదు. కానీ స్కాలర్‌షిప్ ఇప్పిస్తే అందులో ఇంత శాతం ఇవ్వాలన్న షరతుపై సంతకం చేస్తే అర్హతే పోయే ప్రమాదముంది. అటువంటి ఒప్పందం తెచ్చిన మధ్యవర్తిని గుమ్మం నుంచే పంపించేయడం మేలు.

ముందు వెళ్లినవారు

భారత్ నుంచి కళాశాల క్రీడల దారిన అమెరికా వెళ్లి పేరు తెచ్చుకున్నవారు ఇతర క్రీడల్లో ఉన్నారు. టెన్నిస్‌లో సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా విశ్వవిద్యాలయం తరఫున 2007, 2008లో వరుసగా ఎన్‌సీఏఏ సింగిల్స్ టైటిల్ గెలిచారు. తెలుగువాడైన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయంలో ఆడారు. హైజంప్‌లో తేజస్విన్ శంకర్ కాన్సస్ స్టేట్ తరఫున 2018, 2022లో ఎన్‌సీఏఏ విజేత అయ్యారు. బాస్కెట్‌బాల్‌లో 2010 నాటి ఐఎంజీ అకాడమీ బృందంలోనే ఉన్న కవిత ఆకుల అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ విశ్వవిద్యాలయానికి ఎంపికయ్యారు. హాకీలో ఇటువంటి పేర్ల వరుస లేదు. టెన్నిస్‌కు కుటుంబమే పెట్టుబడి పెడుతుంది, పిల్లలు ఆంగ్ల మాధ్యమంలో చదువుతారు, ర్యాంకింగ్ ప్రపంచమంతటా ఒకటే. మన హాకీ క్రీడాకారిణుల్లో అత్యధికులు రైతు, కూలి, చిరుద్యోగి కుటుంబాల వారు. ఆట వారికి ముందుగా ఒక ఉద్యోగం.

‘భర్తీ’ అనే మాట

అమెరికా కోచ్ వాడే ‘రిక్రూట్’ అన్న మాట దుర్గ్‌లో మరో అర్థాన్నిస్తుంది. ఇక్కడ రిక్రూట్‌మెంట్ అంటే భర్తీ: రైల్వే భర్తీ, పోలీసు భర్తీ, భిలాయ్ ఉక్కు కర్మాగారంలో భర్తీ. 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన నాటి నుంచి ఈ జంట నగరాల జీవితం ఆ మాట చుట్టూనే తిరిగింది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడి సెక్టార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలను రప్పించిందీ ఆ మాటే.

దుర్గ్‌కు చెందిన సబా అంజుమ్ ఈ ఊరి హాకీకి తిరుగులేని చిరునామా. నిరాడంబరమైన కుటుంబం నుంచి వచ్చి 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఆడారు. తరువాత భారత జట్టుకు సారథ్యం వహించారు. 2013లో అర్జున, 2015లో పద్మశ్రీ పురస్కారాలు అందుకుని, రాష్ట్ర పోలీసు శాఖలో డీఎస్పీ స్థాయి అధికారిణి అయ్యారు. ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని రాజనాందగావ్ 1973 వరకు దుర్గ్ జిల్లాలో భాగమే. హాకీ నర్సరీగా పేరొందిన ఆ పట్టణానికి చెందిన రేణుకా యాదవ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడారు. ఈ ప్రాంతపు బాలికకు కళ్లెదుట కనిపించే ఆదర్శం ఇదే: జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, జాతీయ శిబిరం, శాశ్వత ఉద్యోగం. ఇంట్లో వారిని ఒప్పించగల దారి కూడా ఇదే.

ఈ దారికీ అమెరికా దారికీ నేరుగా ఢీకొట్టే చోట్లు రెండున్నాయి. రైల్వే క్రీడా కోటా నియామకాలకు వయోపరిమితి 18 నుంచి 25 ఏళ్లు. పన్నెండో తరగతి ముగియగానే ఉద్యోగంలో చేరిన క్రీడాకారిణికి జీతం ఆట కోసమే ఇస్తున్నారని ఎన్‌సీఏఏ భావిస్తే ఆమెకు అమెరికా కళాశాల తలుపు మూసుకుపోవచ్చు. అటు వెళ్లినవారికి ఇటు తిరిగి రావడంలో మరో చిక్కు ఉంది. కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటా నిబంధనలు గుర్తించే ప్రతిభ నాలుగు రకాలు. దేశానికో రాష్ట్రానికో ఆడటం, అంతర్ విశ్వవిద్యాలయ క్రీడా మండలి పోటీల్లో మన విశ్వవిద్యాలయానికి ఆడటం, జాతీయ పాఠశాల క్రీడల్లో రాష్ట్రానికి ఆడటం, శారీరక దారుఢ్యంలో జాతీయ పురస్కారం పొందడం. వర్జీనియాలోనో మిషిగన్‌లోనో నాలుగు సీజన్లు ఆడి, జాతీయ కళాశాల ఫైనల్‌లో గోలు చేసినా ఆ జాబితాలో దానికి చోటు లేదు. ఛత్తీస్‌గఢ్ తరఫున జాతీయ పోటీల్లో ఆడి ఉంటేనే అది లెక్కలోకి వస్తుంది. అమెరికా సీజన్ ఆగస్టు నుంచి నవంబరు వరకు సాగుతుంది కాబట్టి ఆ నెలల్లో ఇక్కడ పోటీలు జరిగితే ఆమె రాలేదు.

పద్దెనిమిదేళ్లకు వెళ్లిన విద్యార్థిని డిగ్రీ పట్టాతో తిరిగివచ్చేసరికి ఇరవై రెండేళ్లు నిండుతాయి. అప్పటికి రైల్వే క్రీడా కోటా వయోపరిమితిలో మిగిలేది మూడేళ్లే. ఆ మూడేళ్లలో రాష్ట్ర జట్టులో చోటు సంపాదించి, జాతీయ స్థాయిలో ఆడి, ఆ తరువాత వెలువడే నోటిఫికేషన్‌కు దరఖాస్తు చేసుకోవాలి.